నిద్ర లేపుతున్నది మనమే!

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి ఫర్నేసును ప్రారంభించిన నాటి నుంచి భిలాయ్‌కి తెలిసిన సత్యమిది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి అక్కడికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలకూ ఇది కొత్త సంగతి కాదు. కంటికి కనిపించని బాక్టీరియా మాత్రం అంతకంటే పొదుపరి. శత్రువు గడప తొక్కినప్పుడే అది తన కొలిమి రాజేస్తుంది.

చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫిలోకాకస్‌నే చూడండి. పెన్సిలిన్‌కు లొంగని రకాలలో పైపొర మీద ఒక ప్రోటీన్ కాపలా కాస్తుంటుంది. మందు తాకగానే అది లోపలికి కబురు పంపుతుంది. జన్యువును అణచి ఉంచిన మరో ప్రోటీన్ తెగి తొలగిపోతుంది. ఆ మరుక్షణమే పెన్సిలిన్‌ను ఛేదించే బీటా లాక్టమేజ్ ఉత్పత్తి మొదలవుతుంది. మందు పోతే ఉత్పత్తీ తగ్గుతుంది. టెట్రాసైక్లిన్ సోకితే మందును బయటికి తోడిపోసే పంపులను కొన్ని బాక్టీరియాలు సిద్ధం చేసుకుంటాయి. వాంకోమైసిన్‌ను పసిగట్టిన కొన్ని ఎంటరోకాకస్ రకాలు తమ గోడలోని ఇటుకలనే మార్చుకుంటాయి.

అనవసరంగా మింగిన ప్రతి మాత్రా రెండు విధాల చేటు చేస్తున్నది. ఈ మీట ఉన్న బాక్టీరియాను మేల్కొలుపుతున్నది. మీట లేని వాటిని చంపి, ఉన్నవాటికి చోటు ఖాళీ చేస్తున్నది. పైగా ఈ జన్యువులు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేరగలవు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణించారని అంచనా.

భిలాయ్‌లో ఉక్కు ఉద్యోగులకు సెక్టార్-9 ఆసుపత్రి అండ ఉన్నది. కానీ ఏ పారిశ్రామిక పట్టణంలోనైనా రోజుకూలీకి సెలవంటే పస్తే. జ్వరం వస్తే మందుల దుకాణమే అతనికి వైద్యశాల. వైరస్ వల్ల వచ్చే జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదని అతనికి చెప్పేవారెవరు? కీలకమైన యాంటీబయాటిక్‌లను 2013లోనే హెచ్-1 జాబితాలో చేర్చి, వాటి అమ్మకాల వివరాలను మూడేళ్లపాటు భద్రపరచాలని కేంద్రం ఆదేశించింది. ఆదేశాలు కాగితాలకే పరిమితమైతే ప్రయోజనం శూన్యం. అలాగని వైద్యుడు అందుబాటులో లేని పేదవాని ముఖాన దుకాణం తలుపు మూయడమూ న్యాయం కాదు.

కార్మిక వాడల్లో పని ముగిసిన వేళ కూడా తెరచి ఉండే వైద్యశాలలు కావాలి. ఏ మందుకు ఏ బాక్టీరియా లొంగుతుందో తేల్చే ప్రయోగశాలలు జిల్లా స్థాయిలో పనిచేయాలి. దుకాణాలపై తనిఖీలు ఆ తర్వాతనే ఫలిస్తాయి. శత్రువు మన ప్రతి అడుగునూ పసిగట్టి ఆయుధం దూస్తున్నాడు. ప్రభుత్వాలకు ఆ పాటి చురుకుదనమైనా ఉండవద్దా?