పేజీ తెల్లబోతే

2011 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన గాకర్ సంస్థ తన సైట్లన్నిటికీ కొత్త రూపం తొడిగింది. సర్వర్ నుంచి వచ్చేది ఖాళీ చట్రం మాత్రమే. అందులోకి వార్తలను బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ తెచ్చి పోయాలి. ఆ స్క్రిప్ట్ కాస్తా మొరాయించేసరికి గిజ్మోడో, లైఫ్‌హ్యాకర్ సహా సైట్లన్నీ తెల్లబోయాయి. రాసిన వ్యాసాలు ఎక్కడికీ పోలేదు, సర్వర్‌లో భద్రంగానే ఉన్నాయి. అవి పాఠకుడిని చేరడానికి మిగిల్చిన దారి ఒక్కటే, అదీ మూసుకుపోయింది. ఇలాంటి చిక్కు రాకుండా కట్టే పద్ధతి అప్పటికి కొత్తదేమీ కాదు. 2003లోనే స్టీవ్ ఛాంపియన్, నిక్ ఫింక్ అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఒక సదస్సులో దానికి ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అని పేరు పెట్టారు. ముందు పేజీలోని విషయం, పని ఎంత సాదా బ్రౌజర్‌లోనైనా జరగాలి. అలంకరణ, స్క్రిప్ట్‌తో వచ్చే సౌకర్యాలు ఆ పైన చేరాలి, అవి రాకపోయినా కింది పని ఆగకూడదు.

వెబ్ స్వభావానికి ఈ పద్ధతే నప్పుతుంది. తెలియని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ ఎదురైతే బ్రౌజర్ దాన్ని పట్టించుకోకుండా లోపలి అక్షరాలను చూపిస్తుంది. అలంకరణ చూసే సీఎస్ఎస్‌లో తెలియని వరుసను దాటేసి ముందుకు పోతుంది. జావాస్క్రిప్ట్‌కు అంత ఓపిక లేదు, ఒక్క దోషం తగిలితే అక్కడే చతికిలబడుతుంది. మూడింట్లోకీ పెళుసైనదాన్ని తెచ్చి పునాదిలో పెట్టడం నేటి వాడుక. దరఖాస్తు ఫారం చివర ఉండే బటన్‌నే చూడండి. అసలైన ఫారంలో అసలైన బటన్ పెడితే స్క్రిప్ట్ లేకున్నా వివరాలు సర్వర్‌కు చేరతాయి. బటన్‌లా కనిపించే రంగు డబ్బా గీసి, నొక్కుడును స్క్రిప్ట్‌కు అప్పజెప్పితే, అరకు రైలు సొరంగంలో దూరిన క్షణాన స్క్రిప్ట్ ఫైలు సగంలో ఆగిపోతుంది, ఆ డబ్బాను ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఈ కాలంలో జావాస్క్రిప్ట్ ఆపుకునేదెవరు అన్నది మొదటి అభ్యంతరం. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో తన సైటుకు వచ్చిన ఐదు లక్షలకు పైగా సందర్శనలను లెక్కగట్టింది. 1.1 శాతం మందికి, అంటే 93 మందిలో ఒకరికి, స్క్రిప్ట్ సౌకర్యాలు అందలేదు. అందులో స్క్రిప్ట్ ఆపుకున్నవారు, అది నడవని బ్రౌజర్లు వాడేవారు కలిపి 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మంది బ్రౌజర్లు బాగానే ఉన్నాయి, స్క్రిప్టే నడవలేదు. కారణాలు అనేకం కావచ్చు: తెగిపోయిన సిగ్నల్, ఆఫీసు ఫైర్‌వాల్, ఏదో బ్రౌజర్ యాడ్-ఆన్. 2014 జనవరిలో బ్రిటన్‌లోని స్కై బ్రాడ్‌బ్యాండ్ వడపోత, జేక్వెరీ అనే రెడీమేడ్ స్క్రిప్ట్‌ను అందించే సర్వర్‌నే పొరపాటున అడ్డుకుంది. దాని మీద ఆధారపడ్డ ఎన్నో సైట్లు స్కై చందాదారులకు కుంటుపడ్డాయి. కాబట్టి ఆ 93వ మనిషి ఎక్కడో పాత కంప్యూటర్ ముందు కూర్చున్న మొండివాడు కాడు. ఈవేళ ఒకరు, రేపు మరొకరు.

తెలుగువారికి ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతీ కాదు. యూనికోడ్ స్థిరపడక ముందు మన పత్రికల సైట్లు సొంత ఫాంట్ల మీద నడిచేవి. ఫాంట్ దిగితే తెలుగు, దిగకపోతే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల గుంపు. ఆ గుంపును యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే యాడ్-ఆన్ పుట్టుకురావాల్సి వచ్చింది. ఇప్పుడు పత్రిక ఎంచుకున్న ఫాంట్ రాకపోయినా ఫోన్‌లోని తెలుగు ఫాంట్‌తో వార్త చదువుకోవచ్చు. అందం తగ్గుతుందేమో గానీ, అక్షరం మాత్రం ఉంటుంది.

ఇలా కట్టడం రెండింతల చాకిరీ కదా అనేది ఇంతకంటే గట్టి అభ్యంతరం. పూర్తయిన సైటుకు వెనక నుంచి పునాది వేయబోతే నిజంగానే అంత పని; మొదటి నుంచీ అలా కడితే కాదు. పైగా 2012లో ట్విటర్ పేజీ కూర్పును బ్రౌజర్ నుంచి మళ్లీ సర్వర్‌కు మార్చినప్పుడు మొదటి పేజీ తెరుచుకునే సమయం ఐదో వంతుకు పడిపోయింది. స్క్రిప్ట్ చక్కగా అందేవారికీ లాభమే అన్నమాట. ఫొటోలు దిద్దే పరికరం, వీడియో కాల్ వంటివి స్క్రిప్ట్ లేకుండా బతకవు, ఒప్పుకోవాల్సిందే. అయితే మనం రోజూ తెరిచే పేజీల్లో అలాంటివెన్ని? కరెంటు బిల్లు, హాల్‌టికెట్, పరీక్షా ఫలితం అన్నీ నాలుగు గళ్లూ ఒక బటనూ. దారి చూపే మ్యాప్ సంగతే తీసుకున్నా, అది తెరుచుకోని పూట ఆఫీసు చిరునామా, పనివేళలు దాని కింద మామూలు అక్షరాల్లో కనిపిస్తే బస్సెక్కే మనిషికి చాలు.