ఎనిమిదిన్నర సీరియల్, ఇన్సులిన్ ఇంజక్షన్, ఒక రికార్డింగ్ పెట్టె

రాజమండ్రిలో ఉండే మా అక్కయ్యకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా మధుమేహం. రోజుకు రెండు పూటలా, భోజనానికి అరగంట ముందు, మిశ్రమ ఇన్సులిన్ తీసుకుంటుంది. గత వర్షాకాలంలో ఒక రాత్రి అలవాటు ప్రకారం ఎనిమిది గంటలకు ఇంజక్షన్ వేసుకుని, ఎనిమిదిన్నరకు కంచం ముందు కూర్చోవలసిన మనిషి టీవీ ముందు కూర్చున్నది. ఆనాడు రెండు సీరియళ్ళ కథలను కలిపి ‘మహాసంగమం’ అంటూ గంటసేపు ప్రసారం చేశారు. ఈ ఒక్క ఘట్టమూ అయిపోనీ అనుకుంటూ తొమ్మిదిన్నర దాకా లేవలేదు. కోడలు వచ్చి చూసేసరికి ఒళ్ళంతా చెమటలు, మాటలో తడబాటు, ఎదురుగా నిలుచున్నది ఎవరో పోల్చుకోలేని స్థితి. గ్లూకోమీటరులో చక్కెర 48.

కోడలికి సమయస్ఫూర్తి ఉన్నది గనుక, మింగగలిగే స్పృహ ఉన్నదని చూసుకుని, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్ష చేసి, ఆపైన అన్నం పెట్టింది. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. అటువంటప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళడమే మార్గం.

మరునాడు ఫోనులో గట్టిగానే మందలించాను. “ఒరే తమ్ముడూ, నువ్వు చెప్పేది నిజమే. కానీ తెల్లవారి ఆ పునఃప్రసారం వచ్చేవేళకు నేను పూజలో ఉంటాను. పైగా అప్పటికే పక్కింటావిడ కథంతా చెప్పేస్తుంది” అన్నది. నలభై ఏళ్ళ ప్రభుత్వోద్యోగంలో ఎందరికో ‘టీవీ తగ్గించండి’ అని సలహా ఇచ్చాను. అది ఎంత నిష్ఫలమైన సలహానో అక్కయ్య మాటతో బోధపడింది. భర్త పోయిన తరువాత సాయంత్రాలు గడవని మనిషికి ఆ అరగంట కథ ఒక తోడు. దానిని తీసివేయమనడం వైద్యం కాదు. దానిని రాత్రి నుంచి పగటికి మార్చడం వైద్యం. అందువల్లనే టీవీ కార్యక్రమాలను భద్రపరచి తరువాత చూపే యంత్రం గురించి ఒక వైద్యుడు రాయవలసి వచ్చింది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1975లో సోనీ వారి బీటామాక్స్, మరుసటి ఏడాది జేవీసీ వారి వీహెచ్ఎస్ వచ్చినప్పుడే ప్రసార సమయానికీ వీక్షణ సమయానికీ ఉన్న ముడి తెగింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు, ఇంట్లో తరువాత చూసుకునేందుకు రికార్డు చేసుకోవడం తప్పు కాదని తీర్పు కూడా చెప్పింది. మన దేశంలో 1987లో దూరదర్శన్ రామాయణం మొదలైన రోజుల్లో, ఆదివారం ఉదయం ఆ సమయానికి నేను పనిచేసే ఆసుపత్రికి కాన్పు నొప్పులతో వచ్చేవారు తప్ప మరెవరూ వచ్చేవారు కారు. కాలు విరిగినవాడు కూడా ఎపిసోడ్ అయ్యాకనే వచ్చేవాడు. మా క్వార్టర్స్‌లో ఒక సర్జనుగారికి వీసీఆర్ ఉండేది. అయితే దాని టైమరు పెట్టడం శస్త్రచికిత్స కంటే కష్టమని ఆయనే అనేవారు.

అక్కయ్య విషయంలో మేము మొదట చేసినది పొరపాటు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు, “ఈ రోజుల్లో రికార్డింగ్ ఎందుకు మామయ్యా, అన్నీ యాప్‌లలోనే ఉంటాయి. డిస్కు నిండదు, వానకు సిగ్నలు పోదు” అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. స్మార్ట్ టీవీ కొని, యాప్ పెట్టి, నేర్పి వెళ్ళాడు. వారం తిరగకుండా కోడలు ఫోను చేసింది: అత్తయ్యగారు రాత్రి పన్నెండు దాటేవరకు మేలుకుంటున్నారని. ఒక భాగం ముగియగానే తరువాతి భాగం దానంతట అదే మొదలవుతుంది. ఆపడానికి ప్రయత్నం కావాలి, చూడడానికి అక్కరలేదు. వరుసగా నాలుగేసి భాగాలు చూసిందట. ఇంజక్షన్ వేళ సర్దుకున్నది గానీ నిద్ర పోయింది. ఉదయం చక్కెర 220 దాటింది, రక్తపోటు పెరిగింది. పెద్దవారికి సైతం ఏడు గంటల నిద్ర తక్కువ కాకూడదు. నిద్ర కరవైతే ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది, మరునాడు ఆకలి పెరుగుతుంది. కళ్ళెదుట వెలుగు ఉన్నంతసేపు మెదడులో మెలటోనిన్ ఊరడం ఆలస్యమవుతుంది.

ఆ తరువాతనే రికార్డింగ్ పెట్టె వైపు మళ్ళాము. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్దవారున్న ఇంటికి, అందులోనూ మందుల వేళలు తప్పకూడని వారున్న ఇంటికి, అంతులేని యాప్ కంటే రోజుకు ఒక్క భాగాన్ని మాత్రమే దాచే పెట్టె మేలు. దాచినది అరగంటే అయితే చూసేదీ అరగంటే. తరువాతి భాగం రేపటి దాకా పుట్టదు. యాప్ సెట్టింగులలో ఆ స్వయంచాలిత ప్రసారాన్ని నిలిపివేసుకుని, చూడవలసినది చూసి లేవగలిగిన నిగ్రహం ఉన్నవారికి యాపే చాలు. నాకు ఆ నిగ్రహం లేదు, అక్కయ్యకు అసలే లేదు.

పెట్టె ఎంపిక దగ్గర దుకాణదారు మొదట చెప్పేది నిలువ సామర్థ్యం. దానికి లొంగకండి. హెచ్‌డీ చానలు రికార్డింగు గంటకు సుమారు మూడు నాలుగు జీబీలు తీసుకుంటుంది. ఆ లెక్కన 32 జీబీల చిన్న పెన్‌డ్రైవులోనే పదహారు అరగంట భాగాలు పడతాయి. 500 జీబీల డిస్కులో నూట ఇరవై గంటలకు పైగా పడుతుంది. అన్ని గంటలు ఎవరు చూస్తారు? చూడనివి పేరుకుని, అప్పులాగా వెంటాడి, ఆదివారం మధ్యాహ్నమంతా కుర్చీకి కట్టిపడేస్తాయి. ఇటువంటి చోట చిన్న డిస్కు ఆరోగ్యకరం.

అంతకంటే ముఖ్యమైనది, ఒక చానలు రికార్డు అవుతుండగా మరొకటి చూడవచ్చునా అన్నది. ఒకే ట్యూనరు ఉన్న పెట్టెలో ఇది సాధ్యం కాదు. అక్కయ్య సీరియలు రికార్డు అవుతుంటే మనవడు క్రికెట్ పెట్టలేడు, పెట్టాలంటే రికార్డింగు ఆపాలి. ఇంట్లో గొడవలకు అది చాలు. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్ పేరుతో వచ్చిన పెట్టెలాంటివి లోపలే హార్డు డిస్కుతో ఈ సౌకర్యం ఇచ్చాయి. నేడు డీటీహెచ్ కంపెనీల దృష్టి యాప్‌ల మీదకు మళ్ళింది గనుక, పెట్టె తీసుకునే ముందు రికార్డింగు ఉన్నదా, ట్యూనర్లు ఎన్ని అని నోటితో అడిగి, వీలైతే ఎదుటనే చేసి చూపించమనాలి. ఉచితంగా వచ్చే డీడీ ఫ్రీ డిష్‌కు బజారులో అమ్మే పెట్టెలలో అనేకం యూఎస్‌బీ రికార్డింగు చేస్తాయి, ధర తక్కువ. కాకపోతే మీకు కావలసిన చానలు అందులో ఉండాలి.

యూఎస్‌బీ పెట్టెల దగ్గర ఒక హెచ్చరిక. కొత్త డిస్కును తగిలించగానే ‘ఫార్మాట్ చేయనా’ అని చాలా పెట్టెలు అడుగుతాయి. సరే అంటే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముని మనవడి బారసాల ఫొటోలున్న డిస్కును తగిలించి సరే నొక్కిన ఘనుడిని నేనే. దానికి క్షమాపణ ఇంకా దొరకలేదు. ఇక చందా చానళ్ళ రికార్డింగులు సాధారణంగా రికార్డు చేసిన పెట్టెలోనే ఆడతాయి. డిస్కు తీసుకువెళ్ళి కంప్యూటరులో చూద్దామంటే కుదరదు.

వైద్యుడిగా నేను అన్నిటికంటే ముందు చూసేది రిమోటును. శుక్లాలు ముదిరిన కళ్ళకు, కీళ్ళవాతంతో వంగిన వేళ్ళకు నలభై చిన్న బొత్తాలున్న రిమోటు పనికిరాదు. దాచినది చూడడానికి రెండు మూడు నొక్కులు చాలాలి. మేము ఆ బొత్తాం మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క పెట్టాము. వరుస రికార్డింగు ఒకసారి నిర్ణయిస్తే రోజూ దానంతట అదే జరిగేలా ఉండాలి. సమయం మాత్రం అయిదు నిమిషాలు ముందు నుంచి, పదిహేను నిమిషాలు తరువాత వరకు పెట్టుకోవాలి. లేకపోతే సీరియలు కాస్త జరిగిన రోజున హత్య చేసినది ఎవరో తెలియకుండానే ఆగిపోతుంది. అప్పుడు ఆవిడ పక్కింటికి పరుగెత్తుతుంది, మోకాళ్ళ నొప్పితో.

రికార్డింగు వల్ల నేను ఊహించని నష్టం ఒకటి కనిపించింది. మన నిబంధనల ప్రకారం గంటలో పన్నెండు నిమిషాల వరకు ప్రకటనలుండవచ్చు. రికార్డింగులో వాటిని ముందుకు తిప్పేయవచ్చు, సమయం కలిసివస్తుంది. కానీ ఆ ప్రకటనల వేళనే అక్కయ్య లేచి వంటింటి దాకా వెళ్ళి వచ్చేది! ఇప్పుడు కదలకుండా కూర్చుంటోంది. అందుకని ప్రకటన వచ్చినచోట ఆపి, వసారాలో రెండు చుట్లు తిరిగి వచ్చి తరువాత నడిపించమన్నాను. కొన్నాళ్ళు చేసింది, కొన్నాళ్ళు మానింది.

సీరియళ్ళ సంగతి అటుంచి, గుండెజబ్బు ఉన్న పురుషులు క్రికెట్ విషయంలో ఆలోచించాలి. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో చేసిన పరిశీలన 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. మగవారిలో మరీ ఎక్కువ. అది ఫుట్‌బాల్, మనది క్రికెట్. రికార్డింగు చూస్తే గుండెపోటు రాదని నేను చెప్పడం లేదు. కానీ ఐపీఎల్ రాత్రి ఏడున్నరకు మొదలై పదకొండు దాటాక ముగుస్తుంది. వెస్టిండీస్‌లో ఆట అయితే తెల్లవారుజాము దాకా సాగవచ్చు. స్టెంటు వేయించుకుని నెలలు గడవనివారు రాత్రి మందు వేసుకుని పడుకుని, ఫలితం తెలిశాక ఉదయం కాఫీతో ఆ ఆటను చూడడం నాకు సబబుగా తోస్తుంది. ‘ఫలితం తెలిశాక ఏముంది’ అని స్నేహితులు నవ్వుతారు. గెలిచిన ఆటను నిశ్చింతగా చూడడంలో ఉన్న సుఖం వారికి ఇంకా తెలియదు.

అక్కయ్య ఇప్పుడు ఏడున్నరకు ఇంజక్షన్, ఎనిమిదికి భోజనం, పదింటికి నిద్ర. ఎనిమిదిన్నరకు పెట్టె మీద ఎర్రదీపం వెలిగిందో లేదో మాత్రం వచ్చి చూసుకుంటుంది. సీరియలు మరునాడు సాయంత్రం నాలుగింటికి. పక్కింటావిడ కూడా అప్పుడే వస్తుంది, కథ ముందు చెప్పకూడదన్న షరతు మీద. కుండపోత వాన కురిసిన రాత్రి డీటీహెచ్ సిగ్నలు పోయి, కరెంటు కూడా పోయి, ఆ వారంలో రెండు భాగాలు రికార్డు కాలేదు. పెట్టెకు ఒక చిన్న ఇన్వర్టరు పెట్టించమని మేనల్లుడికి చెప్పాను. వానకు మాత్రం నా దగ్గర మందు లేదు. ఆ రెండు రోజులు పక్కింటావిడ నోట కథ వినవలసిందే.