భేదమెల్ల యోగ్యత కాదు

ఒకే జాతి జీవులు రెండు దీవులలో రెండు రూపములతో కనబడినంతనే, ఆ భేదము ఆయా తావుల మనుగడకు ఉపకరించుచున్నదనియు, ప్రకృతి వరణమే దానిని ఏరి నిలిపినదనియు తీర్పు చెప్పుట పరిపాటియైనది. డార్విను సిద్ధాంతము సత్యము. దానిని కాదనుట నా యుద్దేశము కాదు. కాని ప్రతి భేదమునకును ఒక ప్రయోజనమును ఊహించి, ఆ యూహనే నిరూపణముగా చెల్లించుట శాస్త్రధర్మము కాదు.

చిన్న సముదాయములలో ఏ జన్యురూపము తరువాతి తరమునకు ఎంతగా సంక్రమించుననునది చాలవఱకు యాదృచ్ఛికమని సూయల్ రైట్ 1931లోనే గణితమార్గమున నిరూపించెను. దీనినే జన్యు విస్థాపమందురు. 1956లో పీటర్ బ్యూరీ ప్రకటించిన ప్రయోగమున, 107 పండ్లయీగల సముదాయములలో ప్రతి తరమునను 8 మగవానిని, 8 ఆడవానిని మాత్రమే నిలిపి, కంటిరంగు జన్యువుయొక్క రెండు రూపములను సమపాళ్లతో ప్రారంభింపగా, 19 తరములు గడచునప్పటికి 30 సముదాయములలో ఒక రూపము నశించెను. 28 సముదాయములలో ఆ రూపమే సర్వము నాక్రమించెను. ఆ రెంటిలో నొకటి యోగ్యతరమైనచో అన్నిటను అదియే గెలువవలసియుండెను గదా!

ఇది ప్రయోగశాలకే పరిమితమనువారు పసిఫిక్ సముద్రమునందలి పింగెలాప్ దీవిని చూతురుగాక. 1775 ప్రాంతపు తుపానునకును, వెన్నంటిన కఱవునకును చిక్కి అచట సుమారు 20 మందియే మిగిలిరి. నేడు ఆ దీవివారిలో నూటికి 5 మొదలు 10 మంది వఱకు రంగుల నెఱుగరు, పగటి వెలుగును సహింపలేరు. ఇతర దేశములలో ఈ వ్యాధి 30,000 మందిలో ఒకరికి వచ్చుటయు అరుదు. వారు రాత్రివేళ చేపలు పట్టుటలో నేర్పరులు గావున ఇదియు ప్రయోజనకరమే యని ప్రతివాది యనవచ్చును. ఆ నేర్పు లోపముతో బ్రతుకుటకు మనుష్యుడు కనుగొన్న యుపాయమేగాని, లోపము వ్యాపించుటకు హేతువు కాదు.

ఈ వాదము పండితుల వినోదము కాదు. నూనెకై వేటాడబడి గత శతాబ్దారంభమునకు అంతరింపనున్న ఉత్తర ఏనుగు సీళ్లు నేడు లక్షకు మించినవి. అయినను 1974లో పరీక్షించిన వాని రక్తపు ప్రోటీనులలో వైవిధ్యమే కనబడలేదు. సంఖ్య తిరిగివచ్చినంత వేగముగ వైవిధ్యము తిరిగిరాదు. చిన్న మందలలో మిగిలిన లక్షణములన్నియు యోగ్యతాచిహ్నములే యని నమ్మువాడు ఈ నష్టమును గుర్తింపనైన గుర్తింపజాలడు. కావున ముందు యాదృచ్ఛికమును పరీక్షించి, అది చాలనిచోటనే వరణమును చెప్పవలెను. యోగ్యతను ప్రతిపాదించువానిదే నిరూపణభారము.