ఒక్కరోజు గోడ మాకొద్దు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, విశ్వవిద్యాలయాలకు అంబేద్కర్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఆడిటోరియం బయట వరండాలో తాడు కట్టి, మన పిల్లలు గీసిన బొమ్మలు తగిలించుకోమంటారు. పెద్దసారు వచ్చి రిబ్బన్ కత్తిరిస్తాడు, ఫొటో దిగుతాడు. పద్నాలుగో తారీఖు సాయంత్రం సభ. పదిహేను పొద్దున తాడు విప్పేస్తారు. బొమ్మలు చుట్టలు చుట్టుకుని హాస్టల్ మంచాల కిందికి పోతాయి, చెదలు తింటాయి. మళ్ళీ ఏడాదికి కొత్త బొమ్మలు, అదే తాడు.

ఇదే గొప్ప గెలుపని మనవాళ్ళు కొందరు అనుకుంటున్నారు. మేం అనుకోవడం లేదు. గోడ ఇవ్వడం వేరు, బొమ్మను కొనడం వేరు. ఏ మ్యూజియంలోనైనా ఒక రిజిస్టర్ ఉంటుంది. లోపలికొచ్చిన ప్రతి వస్తువుకూ అందులో నంబరు వేస్తారు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎట్లా వచ్చింది, అన్నీ రాస్తారు. ఆ నంబరు పడిన వస్తువును ఎవడూ మంచం కిందికి తొయ్యలేడు. దానికి తాళం ఉంటుంది, తనిఖీ ఉంటుంది, పోతే జవాబు చెప్పాల్సిన మనిషి ఉంటాడు. మన బొమ్మ గోడ మీదికి వస్తోంది గానీ ఆ రిజిస్టర్లోకి రావడం లేదు. అసలు తగాదా అక్కడ.

మన దేశంలో విశ్వవిద్యాలయాలకు మ్యూజియంలు లేక కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో అశుతోష్ మ్యూజియం 1937 నుంచీ ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భారత్ కళాభవన్ ఉంది. విగ్రహాలు, చిన్న చిత్రాలు, నేతలు, నాణేలు అన్నీ ఉన్నాయి. ఇలాంటి చోట్ల రాతివిగ్రహం కింద అట్టముక్క చదవండి. ఫలానా రాజుల కాలం, ఫలానా శతాబ్దం అని ఉంటుంది. రాయి కొట్టిన చెయ్యి ఎవరిది? నేత నేసిన ఇల్లు ఏ వాడలో ఉంది? అట్టముక్క మాట్లాడదు. పని మనది, పేరు రాజుది. ఇది పాత అలవాటే. ఇప్పుడు పేరున్న మనిషి, చదువుకున్న మనిషి, తన బొమ్మ కింద తానే సంతకం పెట్టే మనిషి మనలోంచి వచ్చాడు. వాడినేం చేస్తారన్నదే ఇవ్వాళ్టి ప్రశ్న.

దీనికి జవాబు ఒకసారి అమెరికాలో దొరికింది. తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయంలో కాదు, నల్లవాళ్ళ చదువు కోసం వెలసిన అట్లాంటా విశ్వవిద్యాలయంలో. అట్లాంటా దక్షిణాది ఊరు. అప్పట్లో అక్కడ నల్లవాళ్ళకు వేరే బడి, వేరే నీళ్ళపంపు, బస్సులో వెనక సీటు. మన ఊళ్ళో రెండు గ్లాసుల హోటలు తెలిసినవాళ్ళకు ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు. 1931లో హేల్ వుడ్రఫ్ అనే నల్ల చిత్రకారుడు పారిస్ నుంచి తిరిగొచ్చి అక్కడ బొమ్మల పాఠం మొదలుపెట్టాడు. తన పిల్లలను రాజుల బొమ్మలు, పూలకుండీలు గియ్యమనలేదు. చుట్టూ ఉన్నదే గియ్యమన్నాడు. వాళ్ళు జార్జియా ఎర్రమట్టి గండ్లు గీశారు. ఒరిగిపోయిన చెక్క ఇళ్ళు గీశారు. ఇంటికి దూరంగా ఉండే పాయిఖానాలూ గీశారు. దాంతో వాళ్ళకు 'అవుట్‌హౌస్ స్కూల్' అనే పేరు పడింది. 1942లో టైం పత్రికకు కూడా ఎక్కింది ఆ పేరు. పాయిఖానా బడి అన్నమాట. మన దగ్గర ఆ మాటను నెత్తిన మోసినవాళ్ళెవరో మనకు తెలుసు. ఆ పిల్లలు మాత్రం సిగ్గుపడి బొమ్మలోంచి పాయిఖానా తీసెయ్యలేదు.

ఆ 1942లోనే వుడ్రఫ్ ఇంకో పని చేశాడు. అమెరికా మొత్తంలోని నల్ల చిత్రకారులకు, శిల్పులకు ఏటేటా ఒక ప్రదర్శన మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయం లైబ్రరీ భవనమే వేదిక. పుస్తకం కోసం వచ్చినవాడు బొమ్మనూ చూసిపోవాల్సిందే. ఇంతవరకూ అయితే మన వరండా తాడుకీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా బహుమతిలో ఉంది. గెలిచిన బొమ్మకు డబ్బిచ్చి, ఆ బొమ్మను విశ్వవిద్యాలయం తనకే ఉంచుకునేది. అంటే బహుమతి పేరుతో కొనుగోలు. 29 ఏళ్ళు, 1970 దాకా నడిచిందది. చార్లెస్ వైట్, ఎలిజబెత్ కాట్లెట్, జేకబ్ లారెన్స్ లాంటివాళ్ళ పనులు వచ్చాయి. ఏటా కొన్ని చొప్పున గోడ మీంచి రిజిస్టర్లోకి నడిచాయి. తెల్ల మ్యూజియంలు తలుపులు వేసుకున్న కాలంలో ఒక పేద నల్ల విశ్వవిద్యాలయం తన జాతి కళను నంబరేసి దాచుకుంది.

తలుపులు వేసుకోవడమంటే ఎట్లాంటిదో చెప్పాలి. లోయిస్ మైలూ జోన్స్ వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ పాఠాలు చెప్పేది. అదే ఊళ్ళోని కోర్కొరన్ గ్యాలరీ పోటీకి నల్లవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. 1941లో ఆమె తన బొమ్మను ఒక తెల్ల స్నేహితురాలి చేత పంపించింది. దానికి బహుమతి వచ్చింది! గీసిన మనిషి మాత్రం వెళ్ళి నిలబడి తీసుకోలేకపోయింది. కోర్కొరన్ గ్యాలరీ ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 1994లో. అప్పటికి ఆమెకు ఎనభై ఎనిమిదేళ్ళు. కళకు కులం లేదు, మెరిట్ ఒక్కటే ముఖ్యం అని మనకు చెప్పే పెద్దమనుషులు ఈ సంగతి కాస్త చదువుకోవాలి. మెరిట్ బొమ్మలో ఉంది, బహుమతీ వచ్చింది. అడ్డొచ్చింది ఒంటి రంగు.

వేరు కుంపటి ఎందుకు అనే మాట అక్కడా వినపడింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు దళిత కవిత్వం వేరే ఎందుకని మన అభ్యుదయ సోదరులు అడిగినట్టే. అయితే అక్కడ అడిగినవాడు పరాయివాడు కాదు. రోమేర్ బేర్డెన్ స్వయంగా నల్ల చిత్రకారుడు. నల్లవాళ్ళకు మాత్రమే ప్రదర్శన పెడితే మనల్ని ఎప్పటికీ పక్కనే కూచోబెడతారని 1946లో వాదించాడు. ఆ భయాన్ని మేం కొట్టిపారెయ్యం. రిజర్వుడు మూలన కూచోబెట్టి తర్వాత మర్చిపోవడం మనకూ అనుభవమే. కానీ అదే బేర్డెన్ 1963లో న్యూయార్క్‌లో 'స్పైరల్' పేరుతో నల్ల చిత్రకారుల బృందం కట్టాడు. అందులో ఆయన పక్కన ఎవరున్నారు? అదే వుడ్రఫ్. అందరి పంక్తిలో ఆకు వెయ్యనంతకాలం సొంత పొయ్యి ఆర్పుకోమనడం న్యాయం కాదు.

మనకు ఆ విశ్వవిద్యాలయంతో ఇంకో చుట్టరికం ఉంది. ప్రదర్శన మొదలైన ఏడాది డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అక్కడే ఆచార్యుడు. 1946లో, అప్పటికి ఆయన అట్లాంటా వదిలేశాడు, బాబాసాహెబ్ ఆయనకు ఉత్తరం రాశారు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన అర్జీ ప్రతులు పంపమని అడిగారు. అర్జీ చూసి అర్జీ రాయడం నేర్చుకుందామనుకున్నారు బాబాసాహెబ్. మనం రిజిస్టర్ చూసి రిజిస్టర్ పెట్టడం నేర్చుకుంటే తప్పేముంది?

కొనుక్కుంటే సరిపోదు, కాపాడుకోవడం కూడా కష్టమే. నాష్‌విల్‌లో ఫిస్క్ అనే నల్ల విశ్వవిద్యాలయం ఉంది. 1949లో జార్జియా ఓకీఫ్ అనే చిత్రకారిణి దానికి 101 కళాఖండాలు ఇచ్చింది. అమ్మకూడదని షరతు. డబ్బు లేక విశ్వవిద్యాలయం కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2012లో సగం వాటాను మూడు కోట్ల డాలర్లకు, వాల్‌మార్ట్ ఇంటి ఆడబిడ్డ కట్టించిన మ్యూజియానికి ఇచ్చేసింది. బీదవాడి పెట్టెలో బంగారం ఉందని తెలిస్తే ధనవంతుడికి నిద్రపట్టదు. కాబట్టి రిజిస్టర్‌తోపాటు నిధి కూడా అడగాలి.

ఇక మన సంగతి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలేసిన అయిదుగురు విద్యార్థులు క్యాంపస్ నడిబొడ్డున గుడారం వేసి వెలివాడ అని పేరు పెట్టారు. మన మహనీయుల పటాలు చుట్టూ నిలబెట్టారు. రోహిత్ వేముల చనిపోయాక దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చూసిపోయారు. మా దృష్టిలో మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పెద్ద ప్రదర్శనల్లో అదొకటి. రిబ్బన్ లేదు, పెద్దసారు లేడు. ఆ పటాలకు, ఆ పోస్టర్లకు, ఆ చేతిరాత అట్టలకు నంబరు వేసి దాచిన విశ్వవిద్యాలయం ఏది? నాగపూర్ నుంచి వచ్చిన సవి సావర్కర్ మెడలో ముంత కట్టిన మన తాతల్ని గీశాడు, జోగినుల్ని గీశాడు. ఆ బొమ్మ ఏ విశ్వవిద్యాలయం రిజిస్టర్లో ఎన్నో నంబరో అడిగి చూడండి.

అందుకే విద్యార్థి సంఘాలకు మా మాట. ఈసారి ఏప్రిల్‌కు తాడు కట్టుకోమని కబురొస్తే, బొమ్మలు తీసే ముందు ఎన్ని కొంటారని అడగండి. ఎంతకు కొంటారు, ఎక్కడ పెడతారు, ఎంపిక కమిటీలో మనవాళ్ళు ఎంతమంది, అట్టముక్క మీద గీసినవాడి పేరూ ఊరూ ఉంటాయా? కాగితం మీద రాసివ్వమనండి. రాయకపోతే బొమ్మలు వరండాకు పంపొద్దు, వాడకు తెండి. అంబేద్కర్ భవనానికి గోడలున్నాయి. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, గీతలు కొట్టి, ఒకటో నంబరు మనమే వేద్దాం.