కిటికీ ఉంది సరే... సముద్రం ఏదీ?

రెండు రూపాయల అగ్గిపెట్టె మీద లోపల ఎన్ని పుల్లలున్నాయో అచ్చు వేస్తారు. కోవిల్‌పట్టి జనానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 2021 డిసెంబరులో ధర రూపాయి నుంచి రెండుకు పెరిగినప్పుడూ ఆ లెక్క పెట్టె మీదే ఉంది. అదే విహార నౌకలో వేలకు వేలు పోసి కొనే గదికి వచ్చేసరికి, కిటికీలోంచి సముద్రం ఎంత కనిపిస్తుందనే లెక్క చాలాసార్లు కాగితం మీద ఉండదు. 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని చిన్న అక్షరాల్లో ఒక ఇంగ్లిషు ముక్క ఉంటుంది. అంతే!

ఓడ ప్రయాణం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. కోవిల్‌పట్టికి 60 కిలోమీటర్ల దూరంలోని తూత్తుకుడి నుంచి కొలంబోకు స్కోషియా ప్రిన్స్ అనే ఓడ 2011 జూన్‌లో మొదలై, అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక చెన్నై నుంచి విశాఖకు వెళ్లింది. విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. రాత్రి ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉండే విరుదునగర్ తెలుగువాళ్లకు ఓడ మీద విశాఖ చూసి రావాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు. పదవీ విరమణ డబ్బులో కొంత తీసి, జీవితంలో ఒక్కసారి అనుకుని టికెట్టు కొనేవాళ్లు ఉంటారు. మోసపోతే ఎక్కువ బాధపడేదీ వాళ్లే.

ఇంతకీ ఈ గది ఏమిటి? కిటికీ ఉంటుంది. దానికి ఎదురుగా ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. ఎక్కువగా అది లైఫ్‌బోటు, లేదా ఆ పడవను దించే ఇనుప చేతులు. ప్రమాదంలో జనం త్వరగా ఎక్కాలంటే పడవలు నీటికి మరీ ఎత్తున ఉండకూడదు. అందుకే చాలా నౌకల్లో వాటిని మధ్య అంతస్తుల పక్కనే వేలాడదీస్తారు. ఆ అంతస్తు గదుల కిటికీలకు సముద్రం బదులు పడవ వీపు కనిపిస్తుంది.

అడ్డం అన్ని గదులకూ ఒక్కలాగే ఉండదు. ఒక గదికి రెండు పడవల మధ్య సందు దొరికి సగం సముద్రం కనిపించవచ్చు. పక్క గదికి కిటికీ నిండా పడవే. కొన్నిచోట్ల పడవ కాస్త కిందికి ఉండి, నిలబడితే అలలు కనిపిస్తాయి, కూర్చుంటే కనిపించవు. ఇన్ని తేడాలున్నా అన్నిటికీ ఒకే పేరు పెట్టి అమ్మడమే చిక్కు. ఇంకో సంగతి. ఓడ సిబ్బంది పడవలకు రంగులు వేయడానికి, తనిఖీ చేయడానికి కిటికీ ముందుకే వస్తారు. తెర వేసుకోవడం మరిస్తే ఇబ్బందే.

అయితే ఆ గది పనికిరానిదని కాదు. పగటి వెలుగు వస్తుంది. తెల్లారిందో లేదో తెలుస్తుంది. కిటికీయే లేని లోపలి గదిలో ఆ సుఖం లేదు. ఓడ నడిమి భాగంలోని గదైతే ఊపు కూడా తక్కువ. సముద్రం పడితే తల తిరిగేవాళ్లకు అది మేలే. పగలంతా పై డెక్కు మీద గడిపి రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్లకు తక్కువ ధరలో అది మంచి బేరం. పడవ అడ్డం వచ్చిందని విసుక్కునే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. 1912లో టైటానిక్ మీద 2,200 మందికి పైగా ఉంటే, పడవల్లో చోటు 1,178 మందికే. ఆ పాఠం వల్లే కదా నేడు ఓడ పక్కన ఇన్ని పడవలు వేలాడుతున్నాయి!

కాబట్టి తప్పు పడవది కాదు, చెప్పకుండా అమ్మడానిదే. రైలు టికెట్టు మీద సైడ్ అప్పర్ అని స్పష్టంగా ఉంటుంది. ఎక్కాక ఎవరూ గొడవ పడరు. పాత టాకీసులో స్తంభం వెనక సీటు ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. ఓడ గది సంగతి మాత్రం ఎక్కేదాకా తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, డబ్బు కట్టించుకున్నాక ఏజెంటు ఫోను ఎత్తకపోతే నడిసముద్రంలో ఎవరిని అడగాలి?

అందుకే అడగాల్సింది ముందే. జన్నలుకి అడ్డం ఏముంది, సగమా పూర్తిగానా? గది నంబరు ఇప్పుడే ఇస్తారా, ఎక్కే రోజు వాళ్లే కేటాయిస్తారా? అడ్డం లేని గదికి ఇంకెంత కట్టాలి? ఓడ అంతస్తుల పటం చూపిస్తారా? జవాబులు నోటిమాటగా కాదు, రాతలో తీసుకోవాలి. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లు ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఆ కాగితం చదివించుకున్నాకే డబ్బు కట్టాలి.

చెప్పినదొకటి, ఇచ్చినదొకటి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కంపెనీ ఎక్కడున్నా కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

అయినా కోర్టుదాకా ఎందుకు పోవాలి? ఆ గది కిటికీ ముందు నిలబడి ఒక్క ఫొటో తీసి, టికెట్టు అమ్మేచోట పెడితే చాలు. నచ్చినవాళ్లు కొంటారు, నచ్చనివాళ్లు మానుకుంటారు. అగ్గిపెట్టె పాటించే నిజాయితీ అంత పెద్ద ఓడకు బరువా?