కలుపు అని రాసిందెవరు?

హైదరాబాద్‌లో ఇవాళ 'బయోడైవర్సిటీ' అంటే ఒక ట్రాఫిక్ జంక్షన్ పేరు. ఆటోడ్రైవర్లు, సిటీబస్సు కండక్టర్లు రోజుకు వందసార్లు ఆ మాట పలుకుతారు. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు ఆ నగరంలోనే జరిగింది. దాని గుర్తుగా గచ్చిబౌలిలో ఒక పార్కు వెలిసింది. పార్కు పక్క కూడలికి ఆ పేరు వచ్చింది. ఆ తర్వాత కూడలి మీద ఫ్లైఓవర్లు లేచాయి. పేరు మాత్రం నిలిచింది.

ఆ సదస్సులోనూ, 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన సదస్సులోనూ పెద్దలు చెప్పిన మాట ఒక్కటే. భూమ్మీద పర్యావరణం ఎలా మారుతోందో తెలియాలంటే ప్రతి ప్రాంతంలోనూ ఏ మొక్క ఉంది, ఏ పురుగు పోయింది, ఏ చెరువు ఎండింది అని ఏటేటా గమనించి రాసిపెట్టాలి. ఈ మాటతో మనకు తగాదా లేదు. లెక్కలంటే భయపడే ఉద్యమం కాదు మనది. ఆడపిల్లల పుట్టుకల నిష్పత్తిని లెక్కగట్టి చూపించాకే కదా ఈ దేశం మన మాట వినడం మొదలుపెట్టింది. మన తగాదా అంతా ఆ లెక్క ఎవరి కళ్లతో చూసి రాస్తున్నారు, రాసిన పుస్తకం ఎవరి చేతిలో ఉంటోంది అన్నదాని మీదే.

హవాయి దీవుల్లో మౌనా లోవా అనే కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంత ఉందో కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో దాదాపు 315 పాళ్లు ఉన్నది ఇప్పుడు 420 దాటింది. ఒక్క ఏడు కొలిస్తే అది అంకె మాత్రమే. దశాబ్దాల పాటు, అదే చోట, ఓపికగా కొలుస్తూ పోతేనే అది ప్రపంచానికి హెచ్చరిక అయింది. గాలి అంతటా కలిసిపోతుంది కాబట్టి ఒక కొండ సరిపోయింది. చెట్టూ చేమా, కూరాకూ పురుగూ అలా కావు. ఊరు దాటితే మారతాయి, చెలక నుంచి రేగడికి వస్తే మారతాయి. వీటిని కనిపెట్టాలంటే ప్రతి ఊళ్లోనూ, జీవితమంతా, అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లే మనుషులు కావాలి. అలాంటి మనుషులను కొత్తగా తయారుచేయాలని ప్రాజెక్టులు రాస్తున్నారు. వాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ల నెత్తిన కట్టెల మోపు, చేతిలో కొడవలి, ఒడిలో కూరాకు ఉండటం వల్ల శాస్త్రజ్ఞులుగా కనబడరు, అంతే.

ముందు ఆకాశం నుంచి చూసేవాళ్ల సంగతి చూద్దాం. దేశంలో అడవి ఎంత ఉందో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి నివేదిక ఇస్తుంది. దానిలో అడవికి ఇచ్చిన అర్థం ఇది: హెక్టారుకు తగ్గని నేలలో పది శాతం మించి చెట్ల నీడ ఉంటే అది అడవి విస్తీర్ణమే. ఆ నేల ఎవరిదైనా, అందులో ఏ చెట్టు ఉన్నా సరే. మామిడితోట కావచ్చు, కొబ్బరితోట కావచ్చు, కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిల్ కావచ్చు. 2021 నివేదికలో అడవి ఎక్కువగా పెరిగిన రాష్ట్రాల్లో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 647 చదరపు కిలోమీటర్లు. రెండో స్థానం తెలంగాణది, 632. ఎంత సంతోషం! ఆ పెరిగిన అడవిలో ఇప్పచెట్లు ఎన్ని, జామాయిల్ ఎంత అని అడిగితే ఆ అంకె జవాబు చెప్పదు.

అడవికి పోయివచ్చే ఆడవాళ్లు చెబుతారు. విస్తరాకుకు అడ్డాకు దొరికే చోటు అడవి. ఎండాకాలం చివర గడ్డలు తవ్వుకోగలిగే చోటు అడవి. జామాయిల్ ఆకు పశువు నోట పెట్టదు, ఆ తోట కింద మేకకు మేత ఉండదు. ఉపగ్రహానికి రెండూ పచ్చగానే కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య తేడా ఎంతో, ఆడది కట్టెల కోసం అదనంగా నడిచే మైళ్లంత. ప్రపంచ స్థాయి పట్టికలకు ఇలాంటి అంకెలే చేరుతున్నప్పుడు, మార్పును అర్థం చేసుకుంటున్నామని ఎవరు ఎవరిని నమ్మిస్తున్నట్టు?

ఇక చేలోకి వద్దాం. తెలంగాణ మెట్టచేలల్లో విత్తకుండా మొలిచే కూరలు పదుల్లో ఉన్నాయి. దొగ్గలి కూర, జొన్నచెంచలి, తుమ్మికూర, పొన్నగంటి, అటికమామిడి, గునుగు. కూలికి కలుపు తీయబోయిన ఆడమనిషి వీటిని ఏరి ఒడిలో కట్టుకుని సాయంత్రం ఇంటికి తెస్తుంది. పప్పు కొనలేని ఇంట్లో ఆ పూట కూర అదే. వ్యవసాయ శాస్త్రం పుస్తకంలో వీటన్నిటికీ ఉన్న పేరు 'కలుపు'. జీవవైవిధ్యం నమోదు చేసే పట్టికల్లో కూడా 'కలుపు మొక్కలు' అని వేరే గడి ఉంటుంది. ఒకే మొక్క. భూమి పట్టా ఉన్న మగవాణ్ణి అడిగితే కలుపు గడిలోకి పోతుంది, పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషిని అడిగితే ఆహారం గడిలోకి వస్తుంది. అడిగేవాళ్లు సాధారణంగా ఎవరిని అడుగుతారో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. 'ఇంటి యజమానిని పిలవండి' అనే మాట ఏ సర్వేలో వినలేదు?

గడ్డిమందు వచ్చాక ఆ కూరలు పోయాయి, కలుపు తీసే కూలీ పోయింది. రెండు దెబ్బలూ ఒకే మనిషికి తగిలాయి. అయితే ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. కలుపు తీయడం నడుములు విరిచే పని. సొంత చేను ఉన్న ఆడవాళ్లలో కూలీలు దొరక్క గడ్డిమందే నయమనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను తిట్టి లాభం లేదు. పర్యావరణం పేరుతో ఆడవాళ్లను మళ్లీ వంగి కలుపు తీయమనడం మన వాదం కాదు. పోతున్నది ఏమిటో లెక్కలో కనబడకుండానే పోతోంది, అదీ బాధ. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ల పత్తి వచ్చిందో రికార్డు ఉంటుంది. ఆ ఎకరంలో ఎన్ని పూటల కూర మాయమైందో ఏ రికార్డులో ఉంది?

జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ పూలు ఎప్పుడు విరబూసాయో పన్నెండు వందల ఏళ్ల లెక్క ఉంది. చక్రవర్తులు, ప్రభువులు, సన్యాసులు పూల పండుగల గురించి డైరీల్లో రాసుకున్నారు. ఆ డైరీలను శాస్త్రజ్ఞులు తిరగేసి, భూమి వేడెక్కుతోందనడానికి సాక్ష్యంగా చూపించారు. 2021లో మార్చి 26కే పూలు నిండుగా పూశాయి, అంత తొందరగా పూయడం ఆ పన్నెండు వందల ఏళ్లలో ఎన్నడూ లేదని తేల్చారు. ఎంతో విలువైన పని, కాదనలేం. మరి బతుకమ్మ సంగతి?

ఏటా వానాకాలం వెళ్లిపోయే రోజుల్లో, తరతరాలుగా, తెలంగాణ పల్లెల్లో ఆడపిల్లలూ ఆడవాళ్లూ గునుగు పువ్వు, తంగేడు పువ్వు, కట్ల పువ్వు వెతుక్కుంటూ చేలగట్లూ బంజర్లూ తిరుగుతారు. ఎక్కడ దొరికేదో తల్లికి తెలుసు, అమ్మమ్మకు తెలుసు. అదే కాలంలో, అదే నేలలో, అదే పువ్వు కోసం ఏటేటా వెతకడాన్ని విశ్వవిద్యాలయంలో చేస్తే దీర్ఘకాలిక పరిశీలన అంటారు. మనవాళ్లు చేస్తే పండుగ అంటారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, ప్రభుత్వం ఖర్చుతో మైదానాల్లో వేడుకలు జరిగాయి. గునుగు ఎందుకు పలుచబడుతోంది, పువ్వు కోసం ఎంత దూరం పోవలసి వస్తోంది, ఎప్పటినుంచి సంతలో కొనవలసి వస్తోంది అని ఆ ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకుంటే? గడ్డిమందు చరిత్ర, బంజరు భూముల చరిత్ర, ప్లాట్లుగా మారిన చెరువు శిఖాల చరిత్ర అందులో బయటపడేవి. ప్రభువుల డైరీ సాక్ష్యం అయినప్పుడు కూలి మనిషి జ్ఞాపకం ఎందుకు కాకూడదు? ఆమెకు డైరీ రాసే చదువు ఇవ్వనిదెవరు?

చట్టం లేదా అంటే, ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరి జనంతో మాట్లాడి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్' తయారుచేయాలి. మాధవ్ గాడ్గిల్ వంటి శాస్త్రజ్ఞులు 1990లలో ఈ ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడు దాని ఉద్దేశం మంచిదే: ఊరి జ్ఞానం ఊరి చేతుల్లోనే, ఊరి మాటల్లోనే నమోదు కావాలి. 2004 నియమాల్లో కమిటీ సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలని కూడా రాశారు.

పదిహేనేళ్ల పాటు చాలా రాష్ట్రాలు ఈ పనిని పక్కన పడేశాయి. 2019 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కళ్లెర్రజేసింది. 2020 జనవరి 31 లోగా అన్ని కమిటీలూ, అన్ని రిజిస్టర్లూ పూర్తికావాలి, లేకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలి అంది. ఇక చూడండి పరుగులు! ఇప్పుడు దేశంలో రిజిస్టర్లు రెండున్నర లక్షలు దాటాయి. ఒక ఊరి చెట్టూ పుట్టా తెలియాలంటే కనీసం ఒక ఏడాది ఆరు రుతువులూ చూడాలి. వానాకాలంలో మొలిచే కూర మాఘమాసంలో సర్వేకు వచ్చినవాడికి ఎక్కడ కనిపిస్తుంది? గడువు చూసుకుని నింపిన పుస్తకం గడువునే నమోదు చేస్తుంది. పైగా ఒకసారి నింపి బీరువాలో పెట్టిన రిజిస్టర్‌తో మార్పు ఎలా తెలుస్తుంది? మార్పు తెలియాలంటే రెండోసారి, మూడోసారి రాయాలి కదా.

దీని వెనక డబ్బు సంగతి కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి 2,000 కిలోల ఎండు వేపాకు జపాన్‌కు ఎగుమతి అయింది. దానికి లాభంలో వాటాగా 55,035 రూపాయలు అక్కడి కమిటీకి అందాయి. వేప మొక్కలు నాటడానికి, జనానికి ఈ సంగతులు తెలియజెప్పడానికి అన్నారు. మొత్తం చిన్నదే అయినా దారి పెద్దది: ఊరి ఆకుకు ఊరికి వాటా ఉందని ఒప్పుకున్నట్టే. ఆ దారిని 2023లో ఇరుకు చేశారు. ఆ ఏడు జరిగిన చట్ట సవరణలో, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా ఇవ్వనక్కర్లేకుండా మినహాయింపు ఇచ్చారు. ఉల్లంఘించినవారికి జైలుశిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. గ్రంథాల్లోకి ఎక్కిన ఆ జ్ఞానం గ్రంథకర్తకు ఎవరి దగ్గర దొరికింది? మంత్రసానుల దగ్గర, అడవిలో మూలికలు తవ్వేవాళ్ల దగ్గర దొరికిందాన్ని రాసుకున్నవాడు గ్రంథకర్త అయ్యాడు, చెప్పినామె ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవన్నీ కుదరని కోరికలు అనేవాళ్లు ఒకసారి జహీరాబాద్ వైపు చూడాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, వాళ్లలో ఎక్కువమంది దళితులు, ఇరవై ఏళ్లకు పైగా ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర తీస్తున్నారు. ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. ఏ జొన్న ఎవరింట మిగిలింది, ఏది పోయింది అని మాట్లాడుకుంటారు. 2008 నుంచి వాళ్ల రేడియో వాళ్లకుంది, కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2000 తర్వాత కేంద్రం జాతీయ జీవవైవిధ్య ప్రణాళిక తయారు చేయించినప్పుడు దక్కన్ ప్రాంతం ప్రణాళిక ఇలాంటి జాతరల నుంచే పుట్టింది. దేశమంతటా వేలమంది చెప్పిన మాటలతో తయారైన ఆ చివరి పత్రాన్ని మాత్రం కేంద్రం తనదని ఒప్పుకోలేదు. జనం లెక్క రాస్తే ప్రభుత్వానికి నచ్చదు, ప్రభుత్వం రాసిన లెక్క జనానికి చూపించరు.

మన స్వచ్ఛంద సంస్థల్లో కొన్నింటిని కూడా అడగాల్సింది ఉంది. 'భాగస్వామ్యం' పేరుతో ఆడవాళ్ల చేత ఉచితంగా పనిచేయించడం మనకూ అలవాటవుతోంది. మొక్కల సర్వేకు వచ్చిన విశ్వవిద్యాలయం పిల్లవాడికి జీతం, భత్యం ఉంటాయి. అడవిలో దారి చూపించి ప్రతి ఆకుకూ పేరు చెప్పిన ఆవిడకు ఒక టీ, ఒక ఫొటో. ఆవిడ ఆ రోజు కూలి పోగొట్టుకుంది. ఆవిడ పేరు నివేదికలో ఉండదు, 'స్థానిక సమాచారం' అని ఉంటుంది. మాంట్రియల్ ఒప్పందం 21వ లక్ష్యం సంప్రదాయ జ్ఞానాన్ని ముందుగా, స్వేచ్ఛగా తీసుకున్న సమ్మతితోనే వాడాలంటుంది. 23వ లక్ష్యం స్త్రీల సమానత్వం గురించే. మన ప్రభుత్వం ఒప్పుకున్న మాటలివి. సమ్మతి అంటే వద్దనే హక్కు కూడా. ఫలానా మూలిక ఎక్కడుందో చెప్పను అనే హక్కు ఆ గిరిజన స్త్రీకి ఉందని సర్వేకు పోయేముందు ఎంతమంది చెబుతున్నారు?

కాబట్టి మీ పనిప్రాంతంలో రేపటినుంచి చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పంచాయతీకీ రిజిస్టర్ ఉందని కాగితాల్లో ఉంది గనక, దాని ప్రతి ఇమ్మని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కమిటీలో ఉన్నట్టు రాసిన స్త్రీల పేర్లు కూడా అడగండి. ఆ పేర్లున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, మీరు కమిటీ సభ్యులని మీకు తెలుసా అని అడగండి. ఆ తర్వాత కూలి పనులు లేని ఒక మధ్యాహ్నం, ఆ ఊరి ఆడవాళ్లను మాత్రమే కూర్చోబెట్టి, రిజిస్టర్‌లోని 'కలుపు మొక్కలు' గడిని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదవండి. వాళ్లు ఏ పేరు దగ్గర నవ్వుతారో, ఏ పేరు దగ్గర 'ఇది కూర కదమ్మా' అంటారో రాసుకుని, ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టండి.