మోత కొంటున్నారా... మాట కొంటున్నారా?

టీవీ పెద్దదైంది. మందం మాత్రం బొటనవేలంతకు తగ్గింది. బొమ్మ అదిరిపోతోంది, మాట మాత్రం గొంతులోనే ఉండిపోతోంది. 'హోమ్ థియేటర్ తెచ్చేద్దాం' అని పిల్లలు పట్టుబడతారు. 'ఇప్పుడున్న మోత చాలదా' అని అమ్మ అంటుంది. నాన్న లెక్కలు వేస్తాడు. తాతయ్య మాత్రం 'ఏవన్నాడూ?' అని రెండోసారి అడుగుతాడు. చాలా ఇళ్లలో జరిగేదే ఇది. నిజానికి ఆ నలుగురిలో అసలు సమస్యను పట్టుకున్నది తాతయ్యే. అయిదారు వేల నుంచి ఇరవై వేల రూపాయల లోపు దొరికే స్పీకర్ల సెట్టు కొనాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే, ముందు ఆయన ప్రశ్నకు జవాబు వెతకాలి.

టీవీకి గొంతెందుకు పోయింది?

పాత డబ్బా టీవీలో చోటుకు కొదవ లేదు. స్పీకర్లు ముందువైపో పక్కలకో ఉండి, మాటను మనవైపు వదిలేవి. పలచని టీవీలో ఆ చోటు లేదు. చిన్న చిన్న స్పీకర్లు కింది అంచునో వెనకనో దాక్కుంటాయి. మాట ముందు గోడకో బల్లకో తగిలి, ఆ తర్వాత మన దగ్గరికొస్తుంది. దానికితోడు మన హాళ్లలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. శబ్దం వాటికి తగిలి అటూ ఇటూ తిరుగుతూ మాటలను అలికేస్తుంది.

అందుకే పైసా ఖర్చు పెట్టకముందే రెండు పనులు చేసి చూడండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'సరౌండ్' ఎఫెక్టు తీసేసి, 'క్లియర్ వాయిస్' లాంటి మాటల మోడ్ ఉంటే అది పెట్టండి. ఓటీటీలో సినిమా చూసేటప్పుడు ఆడియో జాబితాలో 5.1తోపాటు స్టీరియో కూడా ఉంటే స్టీరియో ఎంచుకోండి. ఆరు దారుల శబ్దాన్ని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించేటప్పుడు ఒక్కోసారి మాటలే వెనకబడిపోతాయి. ఇక హాల్లో మందపాటి కర్టెన్, కింద ఓ జంపఖానా వేసి చూడండి. కొన్ని ఇళ్లలో సమస్య ఇక్కడే సగం తీరిపోతుంది.

అసలీ 5.1 ఏమిటి?

తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా 'సింహాసనం' 1986లో వచ్చినప్పుడు, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్ గురించి జనం వింతగా చెప్పుకున్నారు. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ థియేటర్లలోకి వచ్చాయి. ఆ తర్వాత డీవీడీ పుణ్యమా అని ఆ ఆరు దారులు ఇంటి హాల్లోకీ నడిచొచ్చాయి.

ఎదురుగా కుడి, ఎడమ, మధ్య... మూడు స్పీకర్లు. పక్కల కాస్త వెనగ్గా రెండు. మొత్తం అయిదు. ఆ చుక్క పక్కనున్న ఒకటి సబ్‌వూఫర్. ఉరుములు, పేలుళ్లు, డప్పుల అడుగు శబ్దం దాని పని. ఈ ఆరింటిలో దుకాణంవాళ్లు గొప్పగా చూపించేది సబ్‌వూఫర్‌ని. సినిమాలో డైలాగుల్లో ఎక్కువ భాగం మోసేది మాత్రం మధ్యలో ఉండే ఆ చిన్న సెంటర్ స్పీకరు. ఇంటికి కావల్సింది మాటైతే, చూడాల్సింది దాన్నే!

పేరుకే అయిదు!

చవక సెట్లలో చాలామంది గమనించని కిటుకు ఇక్కడే ఉంది. డీవీడీ ప్లేయర్ల రోజుల్లో 5.1 ప్లేయరు వెనక ఆరు రంధ్రాలుండేవి. వాటి నుంచి ఆరు వైర్లు స్పీకర్ల సెట్టుకు వెళ్లేవి. ఆరు దారులు విడివిడిగా అందేవి. ఇప్పటి టీవీకి ఆ ఆరు రంధ్రాలు ఉండవు. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, కొన్నింటికి హెడ్‌ఫోన్ రంధ్రం... ఇవే ఉంటాయి.

మరి తక్కువ ధర '5.1' సెట్లలో చాలావాటికి ఉండేవేమిటి? బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఎఫ్‌ఎం, ఆక్స్ కేబుల్. బ్లూటూత్‌లో గానీ ఆక్స్‌లో గానీ వచ్చేది రెండు దారుల స్టీరియోనే. అంటే ఆ రెండు దారుల శబ్దాన్నే అయిదు డబ్బాలకూ పంచుతుందన్నమాట. వెనక స్పీకర్లలోనూ హీరో మాటే, ముందు స్పీకర్లలోనూ హీరో మాటే! సందడి పెరుగుతుంది తప్ప స్పష్టత పెరగదు. పైగా బ్లూటూత్‌లో మాట కాస్త ఆలస్యంగా వచ్చి, పెదవుల కదలికతో కలవకపోవడం ఇంకో తలనొప్పి.

నిజమైన 5.1 కావాలంటే సెట్టుకు 'హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ' గానీ 'ఆప్టికల్' గానీ ఉండాలి. డాల్బీ డిజిటల్‌ను విడదీసే డీకోడర్ లోపలే ఉండాలి. పెట్టె మీద 'డాల్బీ' అన్న ముద్ర ఒక్కటే చూస్తే చాలదు. వెనకవైపు ఏయే రంధ్రాలున్నాయో చూపించమనండి. మీ టీవీలోనూ హెచ్‌డీఎంఐ పక్కన 'ఏఆర్‌సీ' అన్న అక్షరాలు ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసి వెళ్లండి. బిగించాక టీవీ సౌండ్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటే మళ్లీ రెండు దారులే వెళతాయి. దాన్ని 'ఆటో' లేదా 'బిట్‌స్ట్రీమ్'కి మార్చాలి.

ఇంకో మాట. సీరియళ్లు, వార్తలు, క్రికెట్ చూసేందుకు అయిదు స్పీకర్ల అవసరం పెద్దగా పడదు. ఓటీటీలో కూడా కొన్ని చందాల్లోనే, కొన్ని సినిమాలకే 5.1 దొరుకుతుంది. మీ ఇంట్లో వారమంతా నడిచేది ఏమిటన్నది ముందు చూసుకోవాలి.

వేల వాట్ల మాయ

'పది వేల వాట్ల పీఎంపీఓ!' ఈ అక్షరాలు చూసి మోసపోకండి. రెప్పపాటు కంటే తక్కువసేపు వెలువడగల శక్తిని కాగితం మీద లెక్కగట్టి వేసే అంకె అది. దాన్ని కొలిచే పద్ధతికి ఒక ప్రామాణికమంటూ లేదు. చూడాల్సింది 'ఆర్ఎంఎస్' వాట్లు. నిలకడగా ఇవ్వగల శక్తి ఇదే. దీన్ని సరిచూసుకునే తేలికదారి ఒకటుంది. సెట్టు వెనక అతికించిన పట్టీ మీద అది వాడుకునే కరెంటు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 60 వాట్లు లాగే యంత్రం నిలకడగా 60 వాట్లకు మించి శబ్దం ఇవ్వడం జరిగే పని కాదు.

ఇంకో లెక్క కూడా తెలుసుకోవాలి. వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి 'కాస్త పెరిగింది' అనిపిస్తుందంతే. రెట్టింపైందని అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. పది అడుగులకు పన్నెండు అడుగుల హాల్లో మామూలుగా సినిమా చూసేటప్పుడు ఒక్కో స్పీకరు వాడుకునేది కొద్ది వాట్లే. కాబట్టి వాట్ల పోటీలో డబ్బు పోయడం దండగ.

'వినబడుతోంది కానీ...'

'కాలు', 'పాలు', 'తాలు'. మూడింటికీ తేడా మొదటి హల్లు ఒక్కటే. ఆ 'క', 'ప', 'త'లను వేరుచేసి చెప్పే శబ్దం ఎక్కువగా పైస్థాయిలో, వేల హెర్ట్‌జ్‌లలో ఉంటుంది. వయసు పైబడ్డాక చెవి మొదట కోల్పోయేది ఆ స్థాయినే. అందుకే పెద్దవాళ్లు 'వినబడుతోంది కానీ అర్థం కావడం లేదు' అంటారు. వాల్యూమ్ పెంచితే అచ్చులు పెద్దవవుతాయి, పక్కింటికీ వినబడతాయి. హల్లులు మాత్రం అక్కడే ఉండిపోతాయి. దానికి సబ్‌వూఫర్ తోడైతే ఉన్న కాస్త స్పష్టతనూ ఆ 'ఢబ్ ఢబ్' మింగేస్తుంది.

చవక సెట్లలో ఇంకో లోపమూ ఉంటుంది. రెండు మూడు అంగుళాల బుల్లి స్పీకర్లు కింది స్థాయి శబ్దాన్ని ఇవ్వలేవు. దాంతో దాన్నీ సబ్‌వూఫర్‌కే అప్పగిస్తారు. మగవాళ్ల గొంతు మూలస్థాయి సుమారు 85 నుంచి 180 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. సరిగ్గా అక్కడే అతుకు పడుతుంది. ఫలితం? గొంతు సగం టీవీ దగ్గర, సగం మూలనున్న డబ్బాలో!

ఇంట్లో పెద్దవాళ్లు టీవీ దగ్గరే కాదు, ఫోన్లోనూ ఎదుటి మనిషితోనూ తడబడుతుంటే మాత్రం స్పీకర్ల దుకాణానికంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ చేసే వినికిడి పరీక్ష హోమ్ థియేటర్ కంటే ముఖ్యం.

హాలు ఒప్పుకుంటుందా?

వెనక స్పీకర్లు మనం కూర్చునేచోటికి పక్కల కాస్త వెనగ్గా, చెవి ఎత్తుకు కొంచెం పైన ఉండాలి. మన ఇళ్లలో సోఫా గోడకే ఆనుకుని ఉంటుంది. ఒకపక్క వీధి తలుపు, ఇంకోపక్క వంటింటి దారి. మరి వైర్లు ఎటు నుంచి వెళతాయి? అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనిస్తారా? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా తెచ్చిన సెట్లలో వెనక స్పీకర్లు చివరికి టీవీ పక్కకే చేరతాయి. అప్పుడు అయిదింటికి డబ్బిచ్చి మూడింటితో సరిపెట్టుకున్నట్టే. కొనే ముందు ఓ దారం ముక్కతో టీవీ నుంచి సోఫా వెనకదాకా గోడ వెంబడి కొలిచి చూడండి. సెట్టుతో వచ్చే వైరు పొడవు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

దుకాణంలో పది నిమిషాలు

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊళ్లోని షోరూమ్‌కి వెళ్లినా వినిపించేది ఒకటే... దుమ్ము లేచిపోయే పాట! దానికి పడిపోకండి.

* ముందు వార్తలు పెట్టమనండి. ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు వినండి. తర్వాత వాన కురుస్తుండగానో జనం మధ్యనో మాట్లాడుకునే సినిమా సీను చూడండి.
* బాస్, ట్రెబుల్ నడిమధ్యకు తెచ్చి, మీరు ఇంట్లో పెట్టుకునేంత వాల్యూమ్‌లోనే వినండి.
* సబ్‌వూఫర్‌ని ఒక నిమిషం బాగా తగ్గించమనండి. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటే అతుకు సరిగా లేదని అర్థం.
* రెండు సెట్లు పోల్చేటప్పుడు రెండింటి శబ్దం సమానంగా ఉండాలి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవి భ్రమపడుతుంది.
* సర్వీస్ సెంటరు మీ ఊళ్లో ఉందా, వారంటీ సబ్‌వూఫర్‌కీ రిమోట్‌కీ కూడా వర్తిస్తుందా... అడగండి. జీఎస్టీ బిల్లు తప్పనిసరి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

ఎవరికి ఏది?

పదిహేను వేలు పెట్టి కొన్న సెట్టు అయిదేళ్లు నడుస్తుందనుకుందాం. ఏడాదికి మూడు వేలు. వారానికి రెండు సినిమాలు చూసే ఇంట్లో సినిమాకు సుమారు ముప్పై రూపాయలు పడుతుంది. ఏడాదికి పది సినిమాలు చూసే ఇంట్లో అదే మూడు వందలు! సెట్టు ఒకటే, ఇంటిని బట్టి ధర మారిపోయింది.

తరచూ సినిమాలు చూసేవాళ్లు, టీవీలో ఏఆర్‌సీ ఉన్నవాళ్లు, వెనక స్పీకర్లకు చోటున్నవాళ్లు... డీకోడర్ ఉన్న 5.1 సెట్టు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆ డబ్బుకు తగ్గ ఆనందం దొరుకుతుంది. చోటు లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలనుకుంటే ఒక సౌండ్‌బార్ మేలు. అందులోనూ సెంటర్ స్పీకరు విడిగా ఉన్న 3.1 రకం దొరికితే ఇంకా మంచిది. పాటలే ఎక్కువ వినే ఇంటికి అయిదు బుల్లి డబ్బాల కంటే అదే ధరలో రెండు మంచి స్టీరియో స్పీకర్లు నయం. ఇక సీరియళ్లు, వార్తలతోనే సరిపెట్టుకునే ఇంటికి కొత్తది అక్కర్లేదు. అటక మీద పాత మ్యూజిక్ సిస్టమ్ ఉంటే దించి దుమ్ము దులపండి. దానికి ఆక్స్ రంధ్రం, టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే ఓ చిన్న కేబుల్ చాలు. స్పీకరు అంచునున్న ఫోమ్ చివికిపోలేదు కదా అని మాత్రం చూసుకోండి.

ఏది తెచ్చినా సబ్‌వూఫర్‌ని పక్కింటివాళ్లతో ఉమ్మడిగా ఉన్న గోడకు ఆనించి పెట్టకండి. మాట ఆగే గోడల్లోంచి కూడా ఆ మోత దూరిపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. రాత్రి సినిమాకు సబ్‌వూఫర్ తగ్గించి, 'నైట్ మోడ్' ఉంటే అది పెట్టుకోండి. కథ ఎలాగూ మాటల్లోనే నడుస్తుంది.